పలక మీద తండ్రి పేరు రాసే పంది మాంసం కొట్టు

పాలకొల్లు నుంచి చించినాడ వంతెన వైపు వెళ్తుంటే, వంతెన రాకముందే కొబ్బరి తోటలోకి ఒక మట్టి దారి దిగుతుంది. దారి మొదట్లోనే రేకుల షెడ్డు, దాని ముందు చింత మొద్దు, మొద్దు వెనక గోడకు ఒక పలక. కొట్టుకు బోర్డు లేదు. ఆదివారం తెల్లవారి అయిదున్నరకే జనం నిలబడి ఉంటారు, తొమ్మిదిన్నర దాటితే ఏమీ మిగలదు. ఏడాదిన్నరగా నేను పంది మాంసం కొంటున్నది ఇక్కడే. మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను ఆపింది ఆ పలకే.

సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో ఇలా రాసి ఉంది: "తండ్రి: ఎర్రోడు. తల్లి: తెల్ల సంకరం, మూడో ఈత. వయసు: 8 నెలలు. వీపు కొవ్వు: 21 మి.మీ. ఆఖరి రెండు నెలల మేత: నూకలు, కొబ్బరి చెక్క, సోయా చెక్క."

కాసేపు అక్కడే నిలబడిపోయాను. నేను జూనియర్ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు జువాలజీ చెప్పాను. దానికి ముందు మాది పందులు పెంచిన ఇల్లు. ఎరుకల వాళ్లం. మా అమ్మమ్మ కాలువ గట్టున పదిహేను, ఇరవై నాటు పందుల్ని మేపేది. పిల్లల్ని కొనడానికి ఎవరి దొడ్డికి వెళ్లినా ముందు "మగదేదీ?" అని అడిగేది. మగదాన్ని చూపించకపోతే పిల్లలు ఎంత బొద్దుగా ఉన్నా వెనక్కి వచ్చేసేది. పంది మాంసం అమ్మే చోట ఆ ప్రశ్నకు జవాబు రాసి పెట్టడం నా జీవితంలో చూడటం అదే మొదలు.

అమ్మమ్మ పట్టుదలలో ఎంత నిజం ఉందో నాకు 2003 తర్వాత గానీ తెలియలేదు. ఆ ఏడాది స్వీడన్‌లోని ఉప్సలా, బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు పందిలో ఐజీఎఫ్2 అనే జన్యువు దగ్గర ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం మార్పును పట్టుకున్నారు. జి ఉండే చోట ఏ వచ్చింది, అంతే. ఆ జన్యువును అదుపులో ఉంచే ప్రోటీన్ వచ్చి అతుక్కునే చోటు సరిగ్గా అదే. అది అతుక్కోలేకపోవడంతో కండలో ఆ జన్యువు మూడు రెట్లు ఎక్కువగా పనిచేస్తుంది. కండ పెరుగుతుంది, వీపు మీద కొవ్వు తగ్గుతుంది. ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇంకొకటి ఉంది. ఈ జన్యువు కండలో తండ్రి నుంచి వచ్చిన కాపీ మాత్రమే పనిచేస్తుంది, తల్లి ఇచ్చిన కాపీ మౌనంగా ఉండిపోతుంది. తల్లిలో ఆ మార్పు ఉన్నా ఆమె పిల్లల కండలో దాని ప్రభావం కనిపించదు. తండ్రిలో ఉంటే కనిపిస్తుంది. సిలబస్‌లో లేకపోయినా ప్రతి ఏడాదీ ఒక పీరియడ్ తీసుకుని పిల్లలకు ఇది చెప్పేదాన్ని, చెప్పిన ప్రతిసారీ అమ్మమ్మ గుర్తొచ్చేది.

ఇక ఎర్రోడి సంగతి. అది డ్యూరాక్ జాతి మగది. ఒళ్లంతా తడిసిన ఇటుక రంగు, ముందుకు వాలిన చెవులు. కొట్టు నడిపే అబ్బాయి దాన్ని పిల్లగా ఉన్నప్పుడు బయటి రాష్ట్రం ఫారం నుంచి తెచ్చుకున్నాడు. ఆడవేమో లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే తెల్ల విదేశీ జాతి రక్తం ఎక్కువ, నాటు రక్తం కొంత ఉన్న సంకరాలు. మన తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన టి-17 కూడా అలాంటిదే: ముప్పాతిక లార్జ్ వైట్, పాతిక నాటు. మన ఎండకీ మేతకీ ఆ పాతిక నాటు రక్తం అండగా ఉంటుంది, తెల్ల రక్తం వల్ల ఈతకు ఎక్కువ పిల్లలూ త్వరగా బరువూ వస్తాయి. ఈ రెండూ ఉంటే చాలామంది పెంపకందార్లు అక్కడితో సరిపెట్టుకుంటారు, బరువు తూగితే డబ్బులు వచ్చేస్తాయి కాబట్టి. ఇతను మూడో రక్తం కలిపింది రుచి కోసం.

ఎందుకంటే, పంది ఒంట్లో కొవ్వు ఒక్కచోట చేరదు. ముందు లోపల, మూత్రపిండాల చుట్టూ. తర్వాత చర్మం కింద, అంటే వీపు కొవ్వు. తర్వాత కండకూ కండకూ మధ్య. అన్నిటికంటే ఆలస్యంగా కండ లోపల, పోగుల మధ్య సన్నటి తెల్ల గీతలుగా. కూర నోట్లో మెత్తగా జారడానికి, నమిలేకొద్దీ రుచి ఊరడానికి ఆ ఆఖరి కొవ్వే కారణం. వండాక తీసి పక్కన పెట్టే కొవ్వు అది కాదు, అసలు విడిగా కనిపించదు. లార్జ్ వైట్, ల్యాండ్‌రేస్ జాతుల్లో ఇది మాంసంలో నూటికి ఒకటి రెండు పాళ్లు ఉంటుంది. డ్యూరాక్‌లో మూడు, ఆ పైన కూడా ఉంటుంది.

వీపు కొవ్వులో పందికీ పందికీ కనిపించే తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేవే. కండలోని కొవ్వుదీ అంతే. కాబట్టి జంటల్ని చూసి కట్టిస్తే నాలుగైదు తరాల్లోనే మార్పు కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల వాళ్లు దశాబ్దాల పాటు వీపు కొవ్వు తక్కువ ఉన్న పందుల్నే ఎంచుకుంటూ వచ్చారు. ఆ రెండు కొవ్వులకూ కొంత చుట్టరికం ఉంది కాబట్టి వీపు సన్నబడ్డకొద్దీ కండ లోపలిదీ తగ్గి, మాంసం ఎండుగా, పీచుగా తయారైంది. అయితే ఆ చుట్టరికం పూర్తిది కాదు. వీపు మరీ మందం కాకుండా, కండలో గీతలు నిండుగా ఉండే పందిని ఎంచుకోవచ్చు. ఈ అబ్బాయి చేస్తున్న పని అదే. ప్రతి పందినీ కోశాక చివరి పక్కటెముక దగ్గర స్కేలు పెట్టి కొవ్వు కొలుస్తాడు. నడుము కండను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుంటాడు. ఏ తల్లి పిల్లలో నోటుబుక్కులో రాసుకుంటాడు. రెండు ఈతలు వరసగా పొడి మాంసం ఇచ్చిన ఆడదాన్ని తీసేశాడు, అది ఈతకు పదకొండు పిల్లల్ని పెట్టేది అయినా సరే. పదకొండు పిల్లల తల్లిని వదులుకోవడం ఎంత కష్టమో పందుల ఇంట్లో పుట్టినదానిగా నాకు తెలుసు.

"బాధనిపించలేదా బాబూ?" అని అడిగాను.

"ఆయ్, అనిపించిందండి. కానీ మీలాంటోళ్లు మళ్లీ రావాలి కదండీ" అన్నాడు.

ఈ కొట్టుకు నేను ఎందుకు మారానో చెప్పాలి. రెండేళ్ల క్రితం మే నెలలో మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్. ముప్పై కిలోల మాంసం వేరే ఊళ్లోని ఒక కొట్టులో చెప్పాం. తెచ్చినప్పుడే రంగు తేడాగా ఉంది, పాలిపోయిన గులాబీ రంగు. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. గిన్నెల అడుగున ఎర్రటి నీళ్లు. డేగిసాలో వేశాక ఆ నీళ్లలోనే ఉడికి, ముక్కలన్నీ చిన్నబోయి, పీచులు పీచులుగా విడిపోయాయి. రెండో పంక్తికి కూర చాలలేదు. మా తమ్ముడు వచ్చినవాళ్ల ముందు తల దించుకుని తిరిగాడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. అంతకు ముందు రోజు మధ్యాహ్నం మిట్టఎండలో ట్రాలీ ఆటోలో పదకొండు పందుల్ని, వేర్వేరు దొడ్లవి, కుక్కి తెచ్చారనీ, దించగానే కోశారనీ తర్వాత తెలిసింది.

అలాంటి మాంసం ఎందుకు వస్తుందో సైన్సు చాలాకాలం క్రితమే తేల్చింది. ప్రాణం పోయాక కండకు ఆక్సిజన్ అందదు. నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. బతికున్నప్పుడు 7 దగ్గర ఉండే పీహెచ్ (పులుపును చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మెల్లగా, చాలా గంటలు తీసుకుని, 5.5, 5.7 మధ్యకు దిగాలి. పంది బెదిరి, కొట్లాడుకుని, వేడెక్కి ఉన్నప్పుడు కోస్తే ఈ పనంతా ఒక్కసారిగా జరిగిపోతుంది. ముప్పావు గంటలోనే 6 కంటే కిందికి పడిపోతుంది. అప్పటికి ఒళ్లు ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ వేడి, ఆ పులుపు రెండూ కలిసి కండలోని ప్రోటీన్లను పాడుచేస్తాయి, ఇక అవి నీళ్లను పట్టి ఉంచలేవు. మా ఫంక్షన్‌లో డేగిసాలోకి దిగిన నీళ్లు అవే.

దీనికి పుట్టుకతో వచ్చే కారణం కూడా ఒకటి ఉంది. కండలో కాల్షియంను వదిలే తలుపు లాంటి ప్రోటీన్‌కు ఆర్‌వైఆర్1 అనే జన్యువు ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మారితే తలుపు సరిగ్గా మూసుకోదు. 1991లో దాన్ని కనిపెట్టారు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన పంది బెదిరితే ఒళ్లు బిగుసుకుపోయి, వేడెక్కి, నిలబడ్డచోటే చచ్చిపోతుంది. బెల్జియంలోని పియెట్రేన్ జాతిలో ఇది బాగా ఎక్కువగా ఉండేది. కండ ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్నవాటినే వరసగా ఎంచుకోవడంతో ఇదీ వాటితోపాటు వచ్చేసింది. హాలోథేన్ అనే మత్తుమందు పీల్పిస్తే ఇలాంటి పందులు బిగుసుకుపోయేవి, అందుకే దానికి హాలోథేన్ జన్యువు అని పేరు. ఇప్పుడు రక్తం బొట్టుతోనో నాలుగు వెంట్రుకలతోనో డీఎన్ఏ పరీక్ష చేయవచ్చు. ఎర్రోడిని కొన్నప్పుడు ఆ పరీక్ష కాగితం అడిగి తీసుకున్నాడు ఈ అబ్బాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాడు, అడిగితే చూపిస్తాడు.

అయితే జన్యువు మంచిదైనా చేతులు మంచివి కాకపోతే ఆ ఆటోలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. పీహెచ్ విషయంలో పుట్టుక వాటా ఐదో వంతు దగ్గరే, మిగతాదంతా చూసుకునే తీరు. కొవ్వుకు అమ్మానాన్నలు ముఖ్యం, నీటికి ఆఖరి రోజు ముఖ్యం అని నేను మా పిల్లలకు చెప్తుంటాను. ఇక్కడ పందులు పుట్టినచోటు నుంచి మొద్దు దాకా నలభై అడుగులు. బండి ఎక్కించే పని లేదు. శనివారం మధ్యాహ్నం నుంచి మేత ఆపి నీళ్లు మాత్రం పెడతాడు. కలిసి పెరిగినవాటినే కలిపి ఉంచుతాడు. రాత్రి రెండు మూడు సార్లు పైపుతో నీళ్లు చల్లుతాడు, పందికి మనలా చెమట పట్టి ఒళ్లు చల్లబడదు కాబట్టి. తెల్లవారుజామున రెండున్నరకు, చల్లటి వేళ, ఒక్కొక్కదాన్నే, మిగతావాటికి కనిపించకుండా. కర్ర లేదు, అరుపు లేదు.

నేను ఇంట్లో ఒక పని చేశాను. ఇక్కడి మాంసం అరకిలో, పాలకొల్లులో ఇంకోచోట కొన్నది అరకిలో, రెండూ తొడ ముక్కలే. జల్లెడల్లో వేసి, కింద గిన్నెలు పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున చూస్తే ఇక్కడి దాని కింద రెండు చెంచాల నీళ్లు. రెండోదాని కింద టీ గ్లాసులో మూడో వంతు. మాంసం తూకంలో నీటికి డబ్బులిస్తున్నామని నమ్మనివాళ్లు ఇది చేసి చూడండి.

మేత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన డెల్టాలో పంది మాంసం ఎక్కువగా చెడేది అక్కడే. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని నూనెను చాలావరకు మార్చేస్తాయి. పందికి అలాంటి పొట్ట లేదు, తిన్న నూనె తిన్నట్టే వెళ్లి కొవ్వులో కూర్చుంటుంది. మన మిల్లుల్లో తవుడు చవక, కానీ నూనె తీయని తవుడులో నూటికి పదిహేను, ఇరవై పాళ్లు నూనె ఉంటుంది. అది పుష్కలంగా తిన్న పంది కొవ్వు మెత్తగా, జిడ్డుగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది, త్వరగా ముక్కిన వాసన కూడా వస్తుంది. చేపల వ్యర్థాలు తింటే చేప వాసనే. నూకలు తింటే ఆ పిండిని పంది తన ఒంట్లోనే కొవ్వుగా మార్చుకుంటుంది, ఆ కొవ్వు గట్టిగా, తెల్లగా ఉంటుంది. కొబ్బరి చెక్కలో, అంటే నూనె ఆడాక మిగిలే పిప్పిలో ఉన్న నూనె కూడా గట్టిపడే రకమే. కొబ్బరికి కొదవలేని చోట ఇంతకంటే సహజమైన మేత ఏముంది? చిన్నప్పుడు తవుడు పెట్టినా ఆఖరి రెండు నెలలు ఆపేయాలని ఇతను పెట్టుకున్న నియమం నాకు చాలా నచ్చింది. ఇక్కడి కొవ్వు కరిగించి సీసాలో పోస్తే జనవరిలో వెన్నలా పేరుకుంది.

ఒక్కసారి మాత్రం నిరాశపడ్డాను. పోయిన క్రిస్మస్‌కు ముందు ఆదివారం సొంత పందులు చాలక బయటినుంచి నాలుగు తెచ్చాడు. పలక మీద "బయటి పంది, మేత తెలియదు" అని రాశాడు. రాసింది చూసి కూడా కొన్నాను. మూత తీయగానే చెరువు గట్టు వాసన. పై వారం వెళ్లి చెప్తే, ఇంకా నలుగురు అదే చెప్పారని ఒప్పుకున్నాడు, డబ్బులు తిరిగి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. పలక మీద నిజం రాసినవాడితో వాదన పెట్టుకోవాలనిపించలేదు. కానీ పండగ రోజు ఆ కూర తిన్నవాళ్లు పలక చూడలేదు కదా, పండగకు సరుకు చాలదని ముందే తెలుసు కదా అన్నాను. ఈ ఏడాది ఇంకో రెండు ఆడవాటిని చేర్చుకున్నాడు.

ఇంకో లోపం ఫ్రిజ్ లేకపోవడం. మూడింటికి కోసిన మాంసం ఆరింటికి అమ్ముతాడు. అప్పటికి కండ బిగుసుకునే దశలో ఉంటుంది. వెంటనే వండితే ఎంత మంచి పందైనా గట్టిగానే ఉంటుంది. కొన్నవాళ్లు ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రానికో, మర్నాటికో వండుకోండి. ఒక చిన్న కూలర్ పెట్టుకుని శనివారం కోసి ఆదివారం అమ్మితే ఎర్రోడి రక్తానికి పూర్తి న్యాయం జరుగుతుందని నేను ఎప్పటినుంచో చెప్తున్నాను. "జనం నిన్నటిది అనుకుంటారండీ" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది, అయినా నేను చెప్పడం మానను.

కోత కూడా చెప్పి చేయించుకోవాలి. ఊరుకుంటే ఎముక, తొడ, పొట్ట అన్నీ కలిపి చిన్న ముక్కలు కొట్టేస్తాడు. వేపుడుకు మెడ కండ అడగండి, గీతలు అక్కడ బాగా కనిపిస్తాయి. పులుసుకు పక్కటెముకలు. "కొవ్వు తీసేయ్ బాబూ" అనేవాళ్లు చాలామంది వస్తారు, తీసిన కొవ్వు పక్కన పోగుపడుతుంది. దాన్ని నేను చవగ్గా తెచ్చుకుంటాను. చింతచిగురు వచ్చే రోజుల్లో మా ఇంట్లో కూరకు నూనె పోయను. ఆ కొవ్వే సన్నసెగ మీద కరిగించి, అందులోనే ఉల్లి, పచ్చిమిర్చి వేయించి, మాంసం వేసి, సగం ఉడికాక చిగురు నలిపి వేస్తాను. చిగురు పులుపుకు ఆ కొవ్వు తోడైతే ఇంకే మసాలా అక్కర్లేదు. లోపల ఎరుపు పూర్తిగా పోయేదాకా ఉడికించండి. ఇక్కడి పందులు సిమెంటు నేల మీద కట్టుదిట్టంగా పెరుగుతాయి, వీధుల్లో తిరగవు, బద్దెపురుగు తిత్తులు, గింజల్లాంటివి, ఉన్నాయేమోనని నాలుక, గుండె కోసి చూస్తాడు కూడా. అయినా పంది మాంసం పచ్చిగా దించకూడదు.

నెలకోసారి నాటుది కోస్తాడు. నల్లగా, చిన్నగా, ఏడాది దాటినా సంకరం బరువులో సగం కూడా రాదు. వీపు కొవ్వు మాత్రం బరువుకు మించి ఉంటుంది. దొరికినప్పుడు తిని దొరకని రోజులకు దాచుకోవడం దాని నెత్తుట్లో ఉంది. గడ్డి మంట మీద కాల్చి, చర్మంతో సహా అమ్ముతాడు. కాలిన చర్మం వాసన తగలగానే నేను మా అమ్మమ్మ దొడ్లోకి వెళ్లిపోతాను. సంకరం మాంసం కిలో మూడొందల ఇరవై, నాటుది నాలుగొందలు. నాటుదానికి ఆ ధర తక్కువే అంటాను, అది ఎన్ని నెలలు తింటుందో లెక్క చూస్తే.

కాటా దగ్గర అతని భార్య ఉంటుంది. తూకం గట్టిగా వేస్తుంది, మొగ్గు మనవైపే. కవర్ అందుకునే ముందు అందరినీ ఒకటే అడుగుతుంది: "నల్ల కవరా అండీ, తెల్లదా?" లోపలిది కనిపించకూడదని ఎక్కువమంది నల్లదే అడుగుతారు. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని పిల్లలు నాకు గుర్తున్నారు. నేను తెల్ల కవర్లో తెచ్చుకుంటాను, బస్సులో ఒళ్లో పెట్టుకుని.

శనివారం సాయంత్రం లోపు వెళ్లి చెప్తే మెడ కండ తీసి ఉంచుతాడు. నాటుది కావాలంటే పదిహేను రోజుల ముందు చెప్పాలి. ఫోన్‌లో చెప్తే మర్చిపోతాడు, నోటుబుక్కులో మీ ఎదురుగా రాయించండి. ఎర్రోడికి వయసవుతోంది. వాడి కొడుకుల్లో ఒకదాన్ని వేరే దొడ్డికిచ్చి, వేరే రక్తం మగది కోసం చూస్తున్నాడు. కొత్తది వచ్చాక దాని మొదటి ఈత పిల్లల మాంసం వండి చూసి మళ్లీ రాస్తాను.